ప్లాన్ ఇవ్వని ఊళ్లకు కూల్చివేత నోటీసులు: ఇజ్రాయెల్‌లో అరబ్బు పౌరుల ఇళ్ల సమస్య

ఇజ్రాయెల్‌లో అరబ్బుల ఊళ్ల మాట వచ్చినప్పుడల్లా ఒక ఫిర్యాదు వినిపిస్తుంది: వాళ్లు పర్మిషన్ లేకుండా ఇళ్లు కట్టేస్తారు, చట్టమంటే లెక్కలేదు. ఇందులో మొదటి సగం నిజమే. ఉత్తరాన గలిలయ కొండల్లో, దక్షిణాన నెగెవ్ ఎడారిలో, మధ్యలో ‘ట్రయాంగిల్’ అని పిలిచే పట్టణాల్లో పర్మిషన్ లేని ఇళ్లు వేల సంఖ్యలో ఉన్నాయి. రెండో సగం గురించే నిదానంగా ఆలోచించాలి. ఇంటికి పర్మిషన్ రావాలంటే ముందు ఆ స్థలానికి ఆమోదించిన ప్లాన్ ఒకటి ఉండాలి. ఆ ప్లాన్‌ను ఆమోదించే అధికారం చాలా అరబ్బు ఊళ్లకు లేదు. అధికారం ఉన్నవాళ్లు దశాబ్దాల తరబడి ఆ పని చేయలేదు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, పెళ్లిళ్లయ్యాయి, ఇళ్లు కావాల్సి వచ్చాయి. కట్టుకున్నారు. ఆ తర్వాత నోటీసు వచ్చింది.

ఇక్కడ మాట్లాడుతున్నది ఇజ్రాయెల్ పౌరసత్వం ఉన్న అరబ్బుల గురించి. వెస్ట్ బ్యాంక్, గాజాల కథ వేరు, అక్కడి చట్టాలు వేరు. తూర్పు జెరూసలేం వాసులను కూడా కలిపే అధికారిక లెక్కల ప్రకారం ఇజ్రాయెల్ జనాభాలో అరబ్బులు దాదాపు 21 శాతం, అంటే ఇరవై లక్షల పైచిలుకు. వీళ్లలో అత్యధికులకు ఓటుంది. పార్లమెంటులో వీళ్ల పార్టీలున్నాయి. డాక్టర్లుగా, ఫార్మసిస్టులుగా, న్యాయమూర్తులుగా కూడా ఉన్నారు. అయినా అరబ్బు స్థానిక సంస్థల పరిధిలో ఉన్న భూమి దేశం మొత్తంలో 3 శాతం కూడా లేదు. ఐదో వంతు జనాభాకు, ఈ 3 శాతానికి మధ్య ఉన్న దూరమే ఇళ్ల సమస్యకు మూలం.

ఈ దూరం ఎలా ఏర్పడింది? 1948 యుద్ధం తర్వాత కొత్త దేశం సరిహద్దుల్లో మిగిలిన అరబ్బులు సుమారు లక్షన్నర మంది. 1966 డిసెంబరు దాకా వాళ్లు సైనిక పాలన కింద బతికారు. ఊరు దాటాలంటే సైన్యం ఇచ్చే పాసు ఉండాలి. ఆ కాలంలోనే భూమి చేతులు మారింది. 1950లో వచ్చిన గైర్హాజరీల ఆస్తి చట్టం, యుద్ధంలో ఊరు విడిచిన వాళ్ల ఆస్తిని ప్రభుత్వ కస్టోడియన్‌కు అప్పగించింది. పక్క దేశానికి వెళ్లినవాళ్లే కాదు, ప్రాణభయంతో పక్క ఊరికి చేరి, ఆ తర్వాత ఇజ్రాయెల్ పౌరులైనవాళ్లు కూడా ఈ చట్టం కింద గైర్హాజరీలే అయ్యారు. మనిషి కళ్లెదుటే ఉన్నాడు, పన్ను కడుతున్నాడు, కానీ తన పొలం విషయంలో మాత్రం లేనట్టే. 1953లో మరో చట్టం అప్పటికే ఆక్రమించిన భూములను ప్రభుత్వ పేరిట చట్టబద్ధం చేసింది.

ఇవాళ దేశంలోని భూమిలో సుమారు 93 శాతం ప్రభుత్వం చేతిలోనో, ప్రభుత్వ సంస్థల చేతిలోనో ఉంది. దీన్ని చూసేది ఇజ్రాయెల్ ల్యాండ్ అథారిటీ. ఇందులో దాదాపు 13 శాతం జ్యూయిష్ నేషనల్ ఫండ్‌ది. యూదులు స్థిరపడటం కోసం భూమి కొనడానికి 1901లో పుట్టిన సంస్థ ఇది. 2004లో గలిలయలోని కర్మియేల్ పట్టణంలో ఈ ఫండ్ స్థలాలకు టెండర్లు పిలిచినప్పుడు అరబ్బులకు అవకాశం లేకపోవడంతో వివాదం కోర్టుకెక్కింది. మరుసటి ఏడాది అటార్నీ జనరల్ మెనహెమ్ మజూజ్ ఒక తీర్మానానికి వచ్చారు. ప్రభుత్వ అథారిటీ ఎవరి భూమిని అమ్ముతున్నా జాతి చూసి వివక్ష చూపకూడదు. అయితే ఫండ్ స్థలం అరబ్బుకు దక్కితే, దానికి బదులుగా ప్రభుత్వం ఫండ్‌కు మరో చోట భూమి ఇస్తుంది. కొనుక్కునే వ్యక్తికి న్యాయం జరిగినట్టే. ఫండ్ చేతిలోని మొత్తం భూమి మాత్రం తగ్గదు.

1948 తర్వాత యూదుల కోసం దాదాపు 700 కొత్త ఊళ్లు వెలిశాయి. అరబ్బుల జనాభా అదే కాలంలో పది రెట్లకు పైగా పెరిగింది. వాళ్ల కోసం కట్టిన కొత్త ఊళ్లంటే, దాదాపుగా బెదూయిన్లను (ఒకప్పుడు సంచార జీవనం గడిపిన ఎడారి అరబ్బులను) ఒకచోట చేర్చడానికి వేసిన టౌన్‌షిప్‌లే.

పర్మిషన్ వ్యవహారం ఎలా నడుస్తుందో కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే అన్యాయమంతా ఈ ఫైళ్లలోనే ఉంది. 1965 నాటి ప్లానింగ్, నిర్మాణ చట్టం ప్రకారం పైన జాతీయ ప్లాన్, దాని కింద జిల్లా ప్లాన్, దాని కింద ఊరి మాస్టర్ ప్లాన్, అన్నిటికన్నా కింద రోడ్లు, డ్రైనేజీ, ప్లాట్ల హద్దులు చూపే వివరమైన ప్లాన్ ఉండాలి. ఈ చివరిది లేకపోతే ఇంటి పర్మిషన్ ఉండదు. యూదుల కొత్త కాలనీల్లో భూమి ప్రభుత్వానిదే కాబట్టి ప్రభుత్వమే లేఔట్ వేస్తుంది, రోడ్లు వేస్తుంది, టెండరు పిలిచి ప్లాట్లు ఇస్తుంది. అరబ్బుల ఊళ్లలో మిగిలిన భూమిలో ఎక్కువ భాగం ప్రైవేటుది. తాతల నుంచి వచ్చి, అన్నదమ్ముల మధ్య ముక్కలైనది. చాలా చోట్ల రికార్డుల్లో ఇంకా పాత పేర్లే ఉంటాయి. అలాంటి చోట వివరమైన ప్లాన్ వేయాలంటే హద్దులన్నీ చెరిపి మళ్లీ పంచాలి, రోడ్లకూ బడులకూ ఒక్కొక్కరి దగ్గర్నుంచి కొంత భూమి తీసుకోవాలి. యజమానులు ఒప్పుకోవాలి, సర్వేకి డబ్బు కావాలి, ఏళ్లు పడుతుంది. రికార్డు సరిగా లేని స్థలం మీద బ్యాంకు ఇంటి లోను ఇవ్వదు. కాబట్టి చేతిలో డబ్బు పోగైనప్పుడల్లా ఒక గది, ఒక అంతస్తు వేసుకుంటూ పోతారు. ఇక చాలా అరబ్బు ఊళ్లకు సొంత ప్లానింగ్ కమిటీ లేదు. ఫైలు జిల్లా కమిటీకో, నాలుగైదు ఊళ్లకు ఉమ్మడిగా ఉన్న కమిటీకో వెళ్లాలి. అక్కడ కూర్చునేవాళ్లలో ఆ ఊరివాళ్లు అరుదు.

మధ్యధరా తీరంలో మిగిలిన ఒకే ఒక్క అరబ్బు గ్రామం జిస్ర్ అల్-జర్కా. మత్స్యకారుల ఊరు, దేశంలోని అత్యంత పేద ఊళ్లలో ఒకటి, సుమారు 15 వేల జనాభా. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు హైవే, ఉత్తరాన ఒక కిబ్బుట్జ్ (యూదుల ఉమ్మడి వ్యవసాయ గ్రామం) పొలాలూ ప్రకృతి రిజర్వూ, దక్షిణాన సీజరియా. ఈ సీజరియా, తెలుగు బైబిల్ చదివినవాళ్లకు కైసరయగా తెలిసిన ఊరు, ఇప్పుడు విల్లాల కాలనీ. ప్రధాని నెతన్యాహు సొంత ఇల్లు కూడా అక్కడే ఉంది. 2002లో సీజరియా వైపు నుంచి రెండు ఊళ్ల మధ్య పెద్ద మట్టిగట్టు లేపారు. మసీదు మైకు శబ్దం, దొంగతనాల భయం అని కారణాలు చెప్పారు. పక్కనుంచే పోయే హైవే నుంచి ఊళ్లోకి దిగే దారి కోసం గ్రామస్థులు ఏళ్ల తరబడి అడుగుతూనే వచ్చారు. ఈ ఊరు ఎటు పెరగాలి? నాలుగు దిక్కులా అడ్డున్న ఊళ్లో పర్మిషన్ లేని గది కనిపిస్తే దాన్ని నేర స్వభావంగా చూడటం ఎంత సులభమో, అంత తప్పు.

గలిలయలో సఖ్నీన్ పట్టణానిది ఇంకో రకం దిగ్బంధం. 1976 మార్చి 30న ఈ ప్రాంతంలో భూసేకరణకు వ్యతిరేకంగా సమ్మె జరిగింది. పోలీసులు, సైన్యం కాల్పుల్లో ఆరుగురు చనిపోయారు. ఏటా ఆ తేదీన అరబ్బులు ‘భూమి దినం’ పాటిస్తారు. ఆ తర్వాత కొన్నేళ్లకే చుట్టూ కొండల మీద చిన్న చిన్న యూదు నివాసాలు వెలిశాయి. వాటన్నిటినీ కలిపి 1982లో మిస్గావ్ అనే ప్రాంతీయ మండలి ఏర్పాటు చేశారు. సఖ్నీన్‌లోనూ మిస్గావ్‌లోనూ జనాభా దాదాపు సమానం, ముప్పై వేల చిల్లర. సఖ్నీన్ పరిధి సుమారు 10 చదరపు కిలోమీటర్లు. మిస్గావ్ పరిధి సుమారు 180. సఖ్నీన్ రైతు పొలం కొన్నిచోట్ల మిస్గావ్ పరిధిలోకి వెళ్లింది. అంటే ఆ పొలంలో ఏం కట్టొచ్చో చెప్పేది, అతను ఓటు వేయని మండలి. సరిహద్దు జరపమని సఖ్నీన్ ఏళ్లపాటు పోరాడితే, సరిహద్దుల కమిటీ అడిగినదానికన్నా చాలా తక్కువ ఇచ్చింది.

ఈ కొండల మీది చిన్న నివాసాల్లో ఇల్లు కావాలంటే డబ్బొక్కటే చాలదు. ‘ప్రవేశ కమిటీ’ ముందు ఇంటర్వ్యూకి కూర్చోవాలి. దీన్ని సవాలు చేసిన మొదటి పెద్ద కేసు ఖాదాన్ కేసు. 1995లో ఒక అరబ్బు కుటుంబం కత్సీర్ అనే ఊళ్లో స్థలం అడిగింది. యూదులకే ఇస్తామన్నారు. 2000 మార్చిలో జస్టిస్ ఆహరోన్ బరాక్ తీర్పు రాస్తూ, ప్రభుత్వం భూమిని నేరుగా ఇచ్చినా, యూదుల స్థిరనివాసం చూసే యూదు ఏజెన్సీ అనే సంస్థ ద్వారా ఇచ్చినా జాతి, మత భేదం చూపకూడదని తేల్చి చెప్పారు. ఇజ్రాయెల్ న్యాయ చరిత్రలో అది గొప్ప తీర్పు, సందేహం లేదు. కానీ ఆ కుటుంబం తన ఇంట్లో అడుగుపెట్టడానికి ఆ తర్వాత కూడా ఏళ్లు పట్టాయి. మిస్గావ్‌లోని రకెఫెత్‌లో ఒక అరబ్బు దంపతులను కమిటీ తిరస్కరిస్తే, వాళ్లకు స్థలం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది.

రకెఫెత్ తీర్పుకు ముందే, అదే ఏడాది మార్చిలో, పార్లమెంటు ఇలాంటి కేసులకు జవాబిచ్చింది. నెగెవ్, గలిలయ ప్రాంతాల్లో 400 కుటుంబాల దాకా ఉన్న ఊళ్లకు ప్రవేశ కమిటీలు పెట్టుకునే హక్కును చట్టంగా చేసింది. ఊరి సామాజిక జీవనానికి నప్పడు, ఊరి సామాజిక-సాంస్కృతిక వాతావరణానికి సరిపోడు అనే కారణంతో కమిటీ ఎవరినైనా కాదనొచ్చు. జాతి, మతం, లింగం చూసి తిరస్కరించకూడదని అదే చట్టంలో ఒక సెక్షన్ ఉంది. కానీ ‘సరిపోడు’ అనే మాట చేతిలో ఉండగా, అరబ్బు కాబట్టి వద్దన్నామని కాగితం మీద రాసే అమాయకుడు ఎవరుంటారు? ఈ జల్లెడలో మిజ్రాహీ యూదులు (అరబ్బు, ముస్లిం దేశాల నుంచి వచ్చిన యూదులు), ఒంటరి తల్లులు, వికలాంగులు కూడా ఆగిపోయిన సందర్భాలున్నాయి. అందుకే వాళ్ల తరఫు సంస్థలు కూడా అరబ్బులతో కలిసి పోరాడాయి. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో, ఇప్పుడే తేల్చే సమయం రాలేదంటూ పిటిషన్లు కొట్టేసింది. 2023 జులైలో చట్టాన్ని సవరించి 400ను 700 చేశారు, వర్తించే ప్రాంతాన్నీ పెంచారు. ఈ రెండింటి మధ్యలో, 2018లో, యూదుల స్థిరనివాసాన్ని ‘జాతీయ విలువ’గా ప్రకటిస్తూ, దాన్ని ప్రోత్సహించడం రాజ్య కర్తవ్యమంటూ బేసిక్ లా (రాజ్యాంగ స్థాయి చట్టం) వచ్చింది. 2021లో సుప్రీంకోర్టు 10-1తో దాన్ని నిలబెట్టింది. విభేదించిన ఆ ఒక్కరు జార్జ్ కర్రా, ధర్మాసనంలోని ఏకైక అరబ్బు న్యాయమూర్తి.

ఊళ్లో చోటు లేనివాళ్లు పట్టణాలకు వెళ్తారు. నజరేత్ పక్కనే 1957లో కొండ మీద నజరేత్ ఇల్లిత్ కట్టారు, 2019 నుంచి దాని పేరు నోఫ్ హగలిల్. నజరేత్ జనాభాలో సుమారు సగమే ఉన్న ఈ పట్టణం పరిధి నజరేత్ పరిధికి రెండింతలు. నజరేత్‌లో ఇళ్లు దొరకని కుటుంబాలు అక్కడికి చేరాయి. ఇప్పుడు అక్కడ నాలుగో వంతుకు పైగా అరబ్బులే. తమ పిల్లలకు అరబిక్ బడి కావాలని వాళ్లు అడిగితే, అప్పటి మేయర్ షిమోన్ గాప్సో ఆ ప్రసక్తే లేదన్నాడు. పట్టణం యూదు పట్టణంగానే ఉండాలని 2013 ఎన్నికల్లో బహిరంగంగా ప్రచారం చేశాడు. సఫేద్‌లో 2010లో నగర ప్రధాన రబ్బీ (యూదు మతగురువు) ష్ముయేల్ ఎలియాహు, అరబ్బులకు ఇళ్లు అద్దెకివ్వొద్దని చెప్పాడు. ఆ ఏడాది డిసెంబరులో పదుల మంది రబ్బీలు, చాలామంది ప్రభుత్వ జీతగాళ్లే, అదే అర్థంలో లేఖ మీద సంతకాలు పెట్టారు. 2018లో అఫూలాలో ఒక అరబ్బు కుటుంబానికి ఇల్లు అమ్మారని జనం రోడ్డెక్కారు. ఇలాంటి వార్తలకు టీవీల్లో చోటు దొరుకుతుంది, ఎందుకంటే ఇక్కడ వివక్ష చూపేవాడికి ఒక ముఖం ఉంటుంది. ప్లానింగ్ కమిటీలో కదలని ఫైలుకు ముఖం ఉండదు. నష్టం మాత్రం ఆ ఫైలు వల్లే ఎక్కువ.

నెగెవ్‌లో పరిస్థితి వీటన్నిటికన్నా దారుణం. అక్కడి బెదూయిన్లు ఇప్పుడు మూడు లక్షల పైచిలుకు. 1948 తర్వాత మిగిలిన వాళ్లలో చాలామందిని సైన్యం ఈశాన్య నెగెవ్‌లోని ‘సియాజ్’ అనే హద్దుల్లోకి చేర్చింది. 1965 చట్టం వచ్చినప్పుడు మ్యాపు మీద వాళ్ల గుడారాలూ ఇళ్లూ ఉన్న నేలకు వ్యవసాయ భూమి రంగు వేశారు. ఒక్క గీతతో ఊళ్లన్నీ ‘గుర్తింపు లేని గ్రామాలు’ అయ్యాయి. 1960ల చివరి నుంచి రహత్, తెల్ షెవా లాంటి ఏడు టౌన్‌షిప్‌లు కట్టి, సగం మందిని వాటిలోకి తెచ్చారు. గొర్రెలతో, మేత భూములతో బతికినవాళ్లను ఉపాధి లేని కాలనీల్లో పెట్టారు. దేశంలోకెల్లా పేద పట్టణాల జాబితాలో అవి ఏటా కనిపిస్తాయి. మిగిలినవాళ్లు ఇంకా సుమారు 35 గుర్తింపు లేని గ్రామాల్లో ఉన్నారు. కరెంటు లైను లేదు, నల్లా లేదు, చాలా చోట్ల రోడ్డు లేదు.

భూమి తమదని కోర్టుకెళ్తే ఒట్టోమన్ కాలపు 1858 భూమి చట్టం తీస్తారు. ఊరికి దూరంగా ఉన్న సాగులేని నేలను ఆ చట్టం ‘మృత భూమి’ అంది. రిజిస్టర్ చేసుకోనిదంతా ప్రభుత్వానిదే అనే వాదనను 1984లో ఒక తీర్పు, 2015లో అల్-అరాకీబ్ భూమి కేసులో మరో తీర్పు సమర్థించాయి. అల్-అరాకీబ్ గ్రామాన్ని మొదట 2010 జులైలో కూల్చారు. జనం తిరిగొచ్చి రేకులతో, టార్పాలిన్లతో నిలబెట్టుకున్నారు. అప్పటినుంచి రెండు వందల సార్లకు పైగా కూల్చారు. కూల్చిన ఖర్చు కూడా గ్రామస్థులనే కట్టమన్నారు.

ఉమ్మ్ అల్-హీరాన్ సంగతి తెలిస్తే, బెదూయిన్లు ప్రభుత్వ భూమిని ఆక్రమించారనే వాదన ఎంత బలహీనమో అర్థమవుతుంది. ఆ కుటుంబాలను 1956లో అక్కడికి తెచ్చి పెట్టింది సైనిక గవర్నరే. దాదాపు అరవై ఏళ్ల తర్వాత, అదే స్థలంలో హీరాన్ అనే యూదు ఊరు కట్టడానికి ఆ గ్రామాన్ని ఖాళీ చేయించవచ్చని 2015లో సుప్రీంకోర్టు 2-1తో చెప్పింది. వాళ్లు అక్కడ ఉన్నది ప్రభుత్వ అనుమతితోనే అని కోర్టు కూడా ఒప్పుకుంది. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు అంది. 2017 జనవరి 18న కూల్చివేత రోజు యాకూబ్ అబూ అల్-కియాన్ అనే ఉపాధ్యాయుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు, ఒక పోలీసు అధికారి కూడా మరణించాడు. 2024 నవంబరులో మిగిలిన మసీదును కూడా కూల్చి ఊరిని ఖాళీ చేశారు. ఇదే నెగెవ్‌లో, ఒక్కో యూదు కుటుంబం విశాలమైన భూమితో నడుపుకుంటున్న ‘ఒంటరి ఫారాల’ను క్రమబద్ధం చేయడానికి 2010లో పార్లమెంటు చట్టం సవరించింది. ఒక్క కుటుంబం ఉన్న ఫారానికి ప్లాన్ దొరికింది. వందలమంది ఉన్న ఊరికి దొరకలేదు. దీన్ని సాంకేతిక సమస్య అనడం నిజాయితీ కాదు.

ప్రభుత్వం వైపు వాదనలూ ఉన్నాయి. అరబ్బు ఊళ్లలో స్థలం ఉన్నవాళ్లు కొడుకుల కోసమని అట్టిపెట్టుకుంటారు, బయటివాళ్లకు అమ్మరు. అపార్ట్‌మెంట్లు ఇష్టపడరు. కుటుంబాల మధ్య తగాదాల వల్ల ప్లాన్లు ఆగుతాయి. స్థానిక సంస్థల్లో ఇంజనీర్లు చాలరు. ఇవన్నీ కొంతవరకు నిజమే. అయితే ఊరు ఇంకెప్పుడూ పెరగదని తెలిసిన తండ్రి ఉన్న నేల చెక్కను ఎందుకు అమ్ముకుంటాడు? భూమి కరవు పుట్టించిన అలవాటును ఆ కరవుకే కారణంగా చూపిస్తున్నారు. 2000 అక్టోబరులో అరబ్బు పౌరుల నిరసనలు, అల్లర్ల మీద ప్రభుత్వం వేసిన ఓర్ కమిషన్ 2003లోనే, అరబ్బుల పట్ల ప్రభుత్వ తీరు నిర్లక్ష్యంతో, వివక్షతో కూడుకున్నదని రాసింది. 2015లో ప్రభుత్వం నియమించిన ‘120 రోజుల బృందం’ కూడా అరబ్బు ఊళ్లలో ప్లానింగ్‌కూ ఇళ్లకూ ఉన్న అడ్డంకులను వివరంగా చెప్పింది. ఆ ఏడాది చివర్లో వచ్చిన ప్రభుత్వ 922వ తీర్మానం అరబ్బు ఊళ్లకు డబ్బు తెచ్చింది, చాలా ఊళ్లకు కొత్త మాస్టర్ ప్లాన్లు వచ్చాయి. 2021లో 550వ తీర్మానం ఐదేళ్లకు సుమారు 30 బిలియన్ షెకెళ్లు ప్రకటించింది. గాజా యుద్ధ ఖర్చుల పేరుతో 2024లో అందులో దాదాపు 15 శాతం కోత పెట్టారు.

సాయానికన్నా శిక్షే ముందు నడిచింది. 2017 ఏప్రిల్‌లో వచ్చిన కమినిట్స్ చట్టం పర్మిషన్ లేని కట్టడాల విషయంలో కోర్టుల విచక్షణను తగ్గించి, అధికారులకు నేరుగా ఆదేశాలు, భారీ జరిమానాలు వేసే అధికారమిచ్చింది. జరిమానాలకు భయపడి నెగెవ్‌లో చాలామంది తమ ఇంటిని తామే కూల్చుకుంటున్నారు. కూల్చివేతల సంఖ్య అక్కడ ఏటా వేలల్లో ఉంటోంది. 2022 జనవరిలో అరబ్బు పార్టీ రాఅమ్ చొరవతో వచ్చిన విద్యుత్ చట్టం, పర్మిషన్ లేని కొన్ని ఇళ్లకు కరెంటు కనెక్షన్ ఇచ్చే వీలు కల్పించింది. ఇంటికి చట్టబద్ధత మాత్రం ఇవ్వలేదు.

ఈ లెక్కలకు ప్రాణాలతో సంబంధం ఏమిటో యుద్ధం చూపించింది. 1990ల మొదటి నుంచి ఇజ్రాయెల్‌లో కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ బాంబుల నుంచి కాపాడే కాంక్రీటు గది తప్పనిసరి. ఆ గది ఇంటి పర్మిషన్‌తో ముడిపడి ఉంటుంది. పర్మిషనే లేని రేకుల ఇంట్లో అది ఉండదు. 2023 అక్టోబరు 7న హమాస్ రాకెట్లకు నెగెవ్‌లోని గుర్తింపు లేని గ్రామాల్లో బెదూయిన్లు, పిల్లలతో సహా, చనిపోయారు. 2024 ఏప్రిల్‌లో ఇరాన్ దాడి జరిగిన రాత్రి ఇజ్రాయెల్‌లో తీవ్రంగా గాయపడ్డది ఒక్కరే: అదే ప్రాంతానికి చెందిన ఏడేళ్ల బెదూయిన్ పాప. 2025 జూన్‌లో గలిలయలోని తమ్రా పట్టణంలో ఒక ఇంటి మీద ఇరాన్ క్షిపణి పడి ఒకే కుటుంబంలో నలుగురు చనిపోయారు. ముప్పై వేలకు పైగా జనం ఉన్న ఆ పట్టణంలో ప్రజలందరికీ పనికొచ్చే షెల్టరు ఒక్కటీ లేదు. తమ్రా లాంటి ఊళ్లలో ఇప్పుడు చాలామంది పాత ఇంటికి రక్షణ గది కలుపుకోవాలని చూస్తున్నారు. దానికి ప్లానింగ్ కమిటీ పర్మిషన్ కావాలి. ఇంటికే పర్మిషన్ లేకపోతే ఆ గదికీ రాదు.